మృగశిర కార్తెకు ముందే ఇంటి పైకప్పు: ఖర్చును లెక్కించే పద్ధతి

నాందేడ్ నగరంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో సొంత ఇల్లు గలవారు ప్రతి సంవత్సరం వేసవి చివర ఒకే ప్రశ్నతో మేస్త్రి వద్దకు వెళ్తారు: “కప్పు మార్చాలంటే ఎంత అవుతుంది?” మేస్త్రి చదరపు అడుగుకు ఇంత అని ఒక అంకె చెబుతాడు. ఆ అంకె అబద్ధం కానక్కరలేదు గాని, అది సగం జవాబు మాత్రమే. పాత కప్పును దించడం, శిథిలాలను తరలించడం, గోడల బలం, నీటి ఖర్చు, అనుమతి రుసుము ఆ అంకెలో సాధారణంగా ఉండవు. పని సగంలో నిలిచి, వాన మొదలై, తలపై కప్పు లేక బంధువుల ఇళ్ళలో తలదాచుకొనే కుటుంబాలు నష్టపోయేది ఈ మిగిలిన సగంలోనే.

మరాఠ్వాడా ఎడారి కాదు. అయినా ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడి ఎండ 42 డిగ్రీలు దాటడం అరుదు కాదు. గాలిలో తేమ దాదాపు ఉండదు. ఆ వెంటనే జూన్ నుండి సెప్టెంబరు వరకు ఏటి వానలో అధిక భాగం కురుస్తుంది. అసలైన ఎడారిలో కప్పు ఎండను ఆపితే చాలు. ఇక్కడ ఎండకు వ్యాకోచించి, రాత్రి చల్లదనానికి సంకోచించి, సన్నని పగుళ్ళు తీసిన కప్పు మీదనే నాలుగు నెలల నీరు పడుతుంది. పది మీటర్ల పొడవున్న స్లాబు 30 డిగ్రీల ఉష్ణోగ్రత భేదానికి మూడు మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. చూడడానికి స్వల్పమే, కాని నీరు దిగడానికి అర మిల్లీమీటరు పగులు చాలు.

ముందుగా పాత ఇళ్ళ సంగతి. మరాఠీలో మాళవద్ అని పిలిచే కప్పు మన మట్టిమిద్దెయే. దూలాలు, దంతెలు, వాటిపై పలకలు, ఆపైన మందంగా మట్టి. అదిలాబాదు, నిర్మల్, నిజామాబాదు పల్లెల నుండి వచ్చినవారికి ఇది కొత్త కాదు. వేసవిలో దీని చల్లదనం ఏ స్లాబుకూ రాదని ఒప్పుకోవలసిందే. కాని ప్రతి సంవత్సరం కారిన చోట కొత్త మట్టి వేస్తూ పోవడం వల్ల దాని బరువు తరతరానికి పెరుగుతుంది. 600 చదరపు అడుగుల కప్పుపై ఒక అడుగు మందం మట్టి ఉంటే అది 600 ఘనపు అడుగులు, అంటే సుమారు 29 టన్నులు. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున కిల్లారి భూకంపంలో సుమారు 8,000 మంది మరణించడానికి మట్టితో కట్టిన మందమైన రాతిగోడలు, వాటిపైని బరువైన మట్టి కప్పులు ప్రధాన కారణమయ్యాయి. 2024 మార్చి 21న మన పొరుగున ఉన్న హింగోలి జిల్లాలో వచ్చిన ప్రకంపనలు ఈ నగరంలోనూ చాలామందిని వీధిలోకి పరుగెత్తించాయి. కనుక మాళవద్ ఇల్లు గలవారు కప్పు కారుతున్నదా అన్నదానితో పాటు అది ఎంత బరువున్నదో కూడా చూడవలెను. ఒక మూల చిన్న రంధ్రం చేసి మట్టి మందం కొలవడం కష్టమైన పని కాదు.

ఇక్కడ ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. అదే 600 చదరపు అడుగులకు అయిదు అంగుళాల స్లాబు బరువు దాదాపు 18 టన్నులు. “మట్టి కన్న స్లాబే తేలిక, పాత గోడలు మోయకేం?” అని కొందరు మేస్త్రీలు అంటారు. లెక్క సరియైనదే, ముగింపు తప్పు. పాత మాళవద్ ఇళ్ళలో చాలావాటికి మట్టి బరువును మోసినవి గోడలు కావు. గోడలలోనో, వాటి పక్కనో నిలబెట్టిన కొయ్య స్తంభాలు. కప్పుతో పాటు ఆ స్తంభాలను తీసివేసి, మట్టితో పేర్చిన గోడలపై నేరుగా స్లాబు వేస్తే, ఆ గోడలు మొదటిసారిగా బరువు మోయవలసి వస్తుంది. అట్టి ఇంటికి కాంక్రీటు స్తంభాలు, దూలాలు అవసరం. అప్పుడు ఖర్చు కప్పు ఖర్చుగా ఉండదు, సగం కొత్త ఇంటి ఖర్చవుతుంది. మేస్త్రి అనుభవం ఎంత గొప్పదైనా, ఈ ఒక్క విషయంలో మహాపాలిక లైసెన్సు గల ఇంజనీరుకు రుసుము చెల్లించి గోడలను చూపించడం మంచిది. మొత్తం ఖర్చులో అది అతి చిన్న భాగం.

గోడలు తట్టుకొంటాయని తేలితే స్లాబు లెక్క సులభం. పైన చెప్పిన కొలతకు ఏడు ఘనపు మీటర్ల కాంక్రీటు పడుతుంది. 1:1½:3 పాళ్ళలో అందుకు సుమారు 57 బస్తాల సిమెంటు, 550 నుండి 700 కిలోల ఇనుప చువ్వలు, ఒక బ్రాసుకు కొంచెం ఎక్కువ ఇసుక, రెండున్నర బ్రాసుల లోపు కంకర కావలెను. మన ఊళ్ళలో యూనిట్ అనే 100 ఘనపు అడుగుల కొలతనే ఇక్కడ బ్రాసు అంటారు. పేరు మారిందే గాని కొలత మారలేదు. ట్రాలీలో నింపినదే బ్రాసు అని అమ్మేవాడు చెప్పినా టేపుతో కొలిచి తీసుకోవచ్చు. ఈ పరిమాణాలను ఆనాటి ధరలతో గుణించి, సెంట్రింగు, కూలి కలుపుకొంటే మేస్త్రి చెప్పిన అంకె న్యాయమైనదో కాదో మీకే తెలుస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుండి సిమెంటుపై జీఎస్టీ 28 శాతం నుండి 18 శాతానికి తగ్గినది. అంతకు ముందరి అంచనా పత్రం చేతిలో ఉన్నవారు దానిని తిరిగి వ్రాయించుకోవలెను.

దించే ఖర్చును విడిగా వ్రాయించండి. అడుగు మందం మట్టి ఆరు బ్రాసులు. తవ్వితే గుల్లబారి ఏడెనిమిది బ్రాసులవుతుంది. అన్ని ట్రాలీల బాడుగ అదనం. పాత టేకు దూలాలకు మంచి ధర పలుకుతుంది. వాటిని కూలిలో జమ అని నోటిమాటగా వదలివేయక, ఎన్ని ఉన్నవో, ఎవరికి చెందునో కాగితంపై ఉంచవలెను.

నీటి ఖర్చును ఎవరూ లెక్కించరు. భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం సాధారణ సిమెంటుతో వేసిన కాంక్రీటును కనీసం ఏడు రోజులు, ఎండ, పొడిగాలి ఉన్నచోట కనీసం పది రోజులు తడిగా ఉంచాలి. ఫ్లై యాష్ కలిసిన సిమెంటుకు పద్నాలుగు రోజులు మేలు. రెండు అంగుళాల నీరు నిలపడానికి 2,800 లీటర్లు. ఆపై మే నెల ఎండకు రోజుకు ఒక్క సెంటీమీటరు ఆవిరైనా మరో 550 లీటర్లు పోయాలి. విష్ణుపురి జలాశయంలో మట్టం తగ్గి, కొళాయి నీరు రోజు విడిచి రోజు కూడా కష్టమైన సమయంలో ఆ నీరు ట్యాంకరుదే. నీటికి వెనుకాడి మూడు రోజులకే క్యూరింగు ఆపిన స్లాబులు మొదటి వానకే కారడం ఈ నగరంలో కొత్త సంగతి కాదు. దీపావళి తర్వాత నుండి ఫిబ్రవరి వరకు స్లాబు వేయడానికి అనువైన కాలం. వేసవిలో తప్పనిసరియైతే సాయంత్రం మొదలుపెట్టించండి.

రేకుల కప్పు చౌక, త్వరగా పూర్తవుతుంది. అర మిల్లీమీటరు ఉక్కు రేకు చదరపు మీటరుకు సుమారు నాలుగు కిలోలు తూగాలి. దుకాణంలో మందంపై అనుమానముంటే తూకం వేయించండి, తక్కువ మందం అక్కడే బయటపడుతుంది. ఈ తేలికదనమే దాని బలహీనత కూడా. గంటకు 100 కిలోమీటర్ల గాలి చదరపు మీటరుపై 47 కిలోల వరకు ఒత్తిడి కలిగిస్తుంది. రేకులపై రాళ్ళు పెట్టడం మనకూ మరాఠీ సోదరులకూ ఉమ్మడి అలవాటు. గాలికి రేకు లేస్తే ఆ రాయి ఎవరి తలపై పడుతుందో చెప్పలేము. చూరు వెంట స్క్రూలు దగ్గర దగ్గరగా వేయించి, రబ్బరు వాషర్లు నాణ్యమైనవి కొనడం రాళ్ళ కన్న మేలు. పాత సిమెంటు రేకులలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. దాని అన్ని రకాలూ క్యాన్సరు కారకాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చినది. వాటిని రంపంతో కోయక, పగులగొట్టక, నీటితో తడిపి నిండు రేకులుగా దించవలెను. ముక్కలను పిల్లలు ఆడుకొనే చోట పోయరాదు.

రేకులనో పెంకులనో అదే ఎత్తులో మార్చడం సాధారణంగా మరమ్మతు కిందకు వస్తుంది. రేకుల స్థానంలో స్లాబు వేయడం నిర్మాణమే. దానికి మహాపాలిక అనుమతి అవసరం. గుంఠేవారీ స్థలంలో ఇల్లు ఉన్నవారు 2001 నాటి రాష్ట్ర చట్టం కింద క్రమబద్ధీకరణ జరిగినదో లేదో ముందు చూసుకోవలెను. ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకం రెండవ దశలో, సొంత స్థలంలో ఇల్లు కట్టుకొనే, ఏటా 3 లక్షల లోపు ఆదాయం గల కుటుంబానికి సహాయం లభిస్తుంది. అయితే భార్య, భర్త, అవివాహిత సంతానంలో ఎవరి పేరనైనా దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండరాదు. మన ఊరిలో పెద్దలు పంచి ఇచ్చిన డాబా ఇల్లు ఇక్కడ దరఖాస్తుకు అడ్డుపడడం తెలుగువారి విషయంలోనే ఎక్కువ. దాచి వ్రాసి మంజూరైన సొమ్మును తిరిగి కట్టడం కన్న ముందే విచారించుకోవడం నయం.

కప్పు గట్టిగానే ఉండి, ఇల్లు వేడెక్కడమే బాధ అయితే మార్పిడి ఆలోచన మానండి. తెల్లని సున్నం లేదా ఎండను వెనుకకు పంపే తెల్ల రంగు వేస్తే లోపలి వేడి రెండు నుండి అయిదు డిగ్రీల వరకు తగ్గవచ్చు. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఈ పద్ధతికి ఒక విధానమే ప్రకటించినది. సున్నం ప్రతి వేసవికి తిరిగి వేయాలి. ఒక ఆదివారం ఇంటివారే వేసుకోగల పని అది.

చివరిగా చెల్లింపు గురించి. ఒప్పందం మరాఠీలో ఉన్నా, తెలుగులో ఉన్నా, స్లాబు మందం, చువ్వల పరిమాణం, వాలు, పిట్టగోడ, నీటి గొట్టాలు, శిథిలాల తరలింపు అందులో వ్రాసి ఉండాలి. సొమ్మును పని దశలను బట్టి ఇవ్వండి. పదవ వంతు సొమ్మును మృగశిర వానలు రెండు గట్టిగా పడి, లోకప్పుపై తడి మచ్చ కనబడలేదని చూసిన తర్వాత ఇస్తామని ముందే వ్రాయించుకోండి. పనిపై నమ్మకమున్న మేస్త్రి ఈ షరతుకు అభ్యంతరం చెప్పడు.