రిగ్గు కదిలే ముందు అరగంట: ముగ్గురాయి వర్తకులకూ సంబంధమే

ముగ్గురాయి వర్తకులు ధర అంచనా వేసేటప్పుడు సాధారణంగా మూడు లెక్కలు చూస్తారు. మంగంపేట గని దగ్గర ధర ఒకటి. రేవుదాకా లారీ కిరాయి రెండవది. అమెరికాలో, గల్ఫ్ దేశాలలో ఎన్ని రిగ్గులు పనిచేస్తున్నాయన్నది మూడవది. నాలుగవ లెక్క కూడా ఒకటి ఉన్నది గాని, అది ఏ మార్కెట్ పట్టికలోనూ అచ్చు కాదు. చమురుబావి రిగ్గు మీద షిఫ్టు మారే వేళ, యంత్రం కదలక ముందు జరిగే తనిఖీలో బెరైటీస్ నిల్వ ఎంత ఉన్నదో రాసుకుంటారు. ఆ అంకె కనీస నిల్వకు దిగిందంటే ఆర్డరు బయలుదేరుతుంది. సరకు నాసిగా వచ్చిందంటే ఆ సంగతి బయటపడేదీ అక్కడనే.

ఈ తనిఖీకి అరగంట పట్టవచ్చు, గంట పట్టవచ్చు. రిగ్గు కాంట్రాక్టర్లలో కొందరికి ఇది దండుగగా కనిపిస్తుంది. వారిచేత అలా అనిపిస్తున్నవి చాలావరకు కాంట్రాక్టు షరతులే. ఆ సంగతికి తరువాత వద్దాము.

బరువే కాపలా

మంగంపేట రాయి రిగ్గులకు పోతుందని ఈ వ్యాపారంలో తెలియనివారు లేరు. అక్కడ అది చేసే పని చూసినవారు మాత్రం తక్కువ. బావి తవ్వుతున్నంతసేపూ గొట్టం గుండా మడ్ అనే చిక్కని ద్రవాన్ని లోపలికి పంపుతూ ఉంటారు. బిట్టును చల్లబరచడం, రాతిపొడిని పైకి తేవడం దాని పనులు. అంతకంటె పెద్ద పని, భూమి లోపలి గ్యాసును తన బరువుతో అదిమిపెట్టడం. 3,000 మీటర్ల లోతున్న బావిలో 1.20 సాంద్రతగల మడ్ అడుగున చదరపు సెంటీమీటరుకు 360 కిలోల ఒత్తిడి చూపుతుంది. సాంద్రత 1.15కు జారితే అది 345 కిలోలు అవుతుంది. రాతిపొరలోని గ్యాసు ఒత్తిడి ఈ రెండింటికీ మధ్య ఉంటే ఇక దానిని ఆపేది మడ్ కాదు, బావి నోటివద్ద ఉన్న కవాటాలే.

అందువలన మడ్ తూయడం తనిఖీలో తప్పనిసరి. మడ్ తూచే తరాజు చిన్న పరికరమే. ఒక చివర గిన్నె, రెండవవైపు జరిపే బరువు ఉంటాయి. ముందు మంచినీళ్లు పోసి అది 1.00 చూపుతున్నదో లేదో చూడాలి. ఆ తరువాతనే మడ్ పోయాలి. నీటితో సరిచూడని తరాజు తూచిన అంకెకు విలువ లేదు. తరాజు సంగతి వర్తకులకు ఒకరు చెప్పనవసరం లేదు.

ఏమేమి చూస్తారు?

కోనసీమలో గాని, అస్సాంలో గాని, గల్ఫ్ ఎడారిలో గాని ఈ తనిఖీ క్రమం దాదాపు ఒక్కటే. దిగిపోతున్న డ్రిల్లరు, ఎక్కుతున్న డ్రిల్లరు ఎదురెదురుగా నిలబడి రాత్రి జరిగినది చెప్పుకోవాలి. తరువాత కొత్తగా వచ్చినవాడు తన కళ్లతో చూడాలి. డ్రాయింగు డ్రమ్ము బ్రేకు పట్టుకుంటున్నదా? పైకి పోయే బరువైన కప్పీ దిమ్మె డెరిక్ శిఖరాన్ని ఢీకొనకుండా ఆపే సాధనం ఉన్నది. దిమ్మెను మెల్లగా నడిపించి అది పనిచేస్తున్నదో లేదో ప్రతి షిఫ్టులోనూ పరీక్షించాలి. ఇనుప తాడులో తెగిన పోగులు ఉన్నవా, అది ఇంతవరకు ఎంత బరువును ఎంత దూరం మోసింది అన్న లెక్క రాసి ఉన్నదా? తాడు బాగానే కనిపిస్తున్నా, ఆ లెక్క నిండగానే కొంత జరిపి కోసివేయవలసినదే. తాళ్ల వ్యాపారులకు గిరాకీ వచ్చేది ఈ లెక్కలోనుంచే.

బావి నోటివద్ద ఉండే బ్లో అవుట్ ప్రివెంటరు కవాటాలను మూయడానికి నూనె ఒత్తిడి నిల్వచేసిన సీసాల వరుస ఒకటి దూరంగా ఉంటుంది. సాధారణంగా అందులో చదరపు అంగుళానికి 3,000 పౌండ్ల ఒత్తిడి ఉండాలి. గడియారపు ముల్లు ఒక్కటి చూసి పోతే చాలదు. మీటల పిడులు తెరిచిన స్థానంలోనో మూసిన స్థానంలోనో ఉండాలిగాని మధ్యలో ఉండరాదు. డ్రిల్లింగు గొట్టం లోపలినుంచి మడ్ ఎగదన్నితే బిగించడానికి ఒక వాల్వు రిగ్గు నేలమీద ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. అది తెరిచి ఉండాలి, దాని తాళంచెవి పక్కనే ఉండాలి. చెవి పనిముట్ల పెట్టె అడుగున దొరికే రిగ్గులో ఆ వాల్వు లేనట్టే లెక్క.

మడ్ పంపుల మీద ఉండే రక్షణ వాల్వు కథ వేరు. ఒత్తిడి మితిమీరితే తెగిపోయే చిన్న పిన్ను ఒకటి అందులో ఉంటుంది. మాటిమాటికీ పిన్ను తెగి పని ఆగుతున్నదని విసిగి, దాని స్థానంలో మేకో వెల్డింగు కడ్డీ ముక్కో దూర్చడం ఈ రంగంలో పాత జబ్బు. తనిఖీ కాగితంలో 'వాల్వు ఉన్నది' అని గీత పడుతుంది. వాల్వు ఉన్నమాట నిజమే, పనిచేయదు. మచ్చు చూడకుండా మిర్చి టిక్కీ కొన్న వ్యాపారికీ, వంగి చూడకుండా ఆ గీత పెట్టినవాడికీ భేదం లేదు. అయితే మిర్చిలో పోయేది డబ్బు.

ఇవిగాక గ్యాసును పసికట్టే పరికరాలు, మడ్ ట్యాంకుల మట్టం పెరిగితే మోగే గంట, పైన నిలబడే టాప్‌మన్ నడుము పట్టా, అతడు ప్రమాదవేళ జారి దిగే తీగ, అగ్నిమాపక పంపు ఉన్నవి. ఒక్కొక్కదానికి ఒక నిమిషం చొప్పున చూసినా అరగంట ఇట్టే గడుస్తుంది.

పొడిలో తేడా

ఇక వర్తకులకు నేరుగా తగిలే భాగం. అమెరికన్ పెట్రోలియం సంస్థ ప్రమాణం ప్రకారం డ్రిల్లింగు బెరైటీస్ సాంద్రత 4.20కి తగ్గరాదు. మేలురాయి తరిగిపోతున్నందున 4.10 రకాన్ని కూడా 2010 నుంచి వేరుగా అంగీకరించారు. 75 మైక్రానుల జల్లెడపై నిలిచే ముతక నూటికి 3 పాళ్లు మించరాదు. మరీ మెత్తని ధూళికీ పరిమితి ఉన్నది. ముతక పొడి మడ్‌లో నిలవక అడుగుకు దిగుతుంది. మరీ మెత్తనిది మడ్‌ను జిగురు చేస్తుంది.

ఈ సాంద్రత తేడా రూపాయలలో చిన్నదే. 200 ఘనమీటర్ల మడ్‌ను 1.20 నుంచి 1.40కి బరువెక్కించడానికి 4.20 రకమైతే 60 టన్నులు కావాలి. 4.10 రకమైతే 61 టన్నులకు కొంచెం తక్కువ. 3.90 కల్తీ సరకైతే 62 టన్నులు దాటుతుంది. రెండు టన్నుల తేడా కోసం ఎవరూ దివాలా తీయరు. కాని బావిలోకి గ్యాసు చొరబడిన రాత్రి ఇన్ని బస్తాలు పోస్తే ఇంత బరువు రావాలని లెక్కకట్టి పోస్తారు. లెక్క తప్పితే మళ్లీ పోయాలి. అంతదాకా గ్యాసు ఆగాలి. సరకు కొన్న ధర ఆ వేళ ఎవరికీ గుర్తుండదు.

నిల్వలోనూ మెలకువ కావాలి. గోదావరి ప్రాంతపు తేమకు బస్తాలలో పొడి గడ్డకట్టుతుంది. పెద్ద ట్యాంకులలో నిల్వచేసినదైతే అడుగున బిగుసుకుని, గాలి ఊదినా కదలదు. కాగితం మీద 80 టన్నులు ఉండి, కదిలేది 50 టన్నులైతే నిల్వ 50 టన్నులే. మంచి రిగ్గులలో ట్యాంకులోకి గాలి పంపి పొడి కదులుతున్నదో లేదో కూడా తనిఖీలో చూస్తారు.

పాసర్లపూడి

తెలుగువారికి బ్లో అవుట్ అనగానే పాసర్లపూడి గుర్తుకు వస్తుంది. 1995 జనవరి 8న అక్కడి 19వ నంబరు బావి పేలి అంటుకున్నది. మార్చి 15కు గాని మంట ఆరలేదు. రిగ్గు కాలిపోయింది, చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేయించారు. అంతటి ఘటనను ఒక్క పూట తనిఖీకి ముడిపెట్టడం న్యాయం కాదు. అయితే గ్యాసు పైకి వచ్చిన తరువాత మిగిలేది కవాటమూ, మడ్ బరువూ, మనుషులు పారిపోయే దారీ మాత్రమే. మూడూ ఆ షిఫ్టు తనిఖీలో ఉన్నవే.

2010 ఏప్రిల్ 20న మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు పేలి 11 మంది మరణించారు. రాత్రివేళ ఉత్తుత్తి గంటలకు నిద్రాభంగం కాకూడదని ఆ రిగ్గులో ప్రమాద గంట దానంతట అది మోగకుండా చేసి ఉంచారని విచారణలో సాక్ష్యం వచ్చింది. దాని వెంబడి లోతు సముద్రపు డ్రిల్లింగును అమెరికా ప్రభుత్వం అక్టోబరు వరకు నిలిపివేసింది. ఆ నెలలలో అక్కడ నిలిచిన ప్రతి రిగ్గూ ముగ్గురాయి కొనని రిగ్గే. అంతకు పూర్వం 1988 జూలై 6న ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా వేదిక తగలబడి 167 మంది పోయారు. అది డ్రిల్లింగు ప్రమాదం కాకపోయినా షిఫ్టు మార్పిడి సంగతే. మరమ్మతుకై రక్షణ వాల్వు తీసివేసిన పంపు ఒకటి అక్కడ ఉన్నది. ఆ కబురు రాత్రి షిఫ్టువారికి చేరలేదు. వారు ఆ పంపును నడిపారు.

ఎవరి అరగంట?

మనదేశంలో నేలమీది చమురు బావులు 2025 వరకు గనుల చట్టం కిందికి వచ్చేవి. 1984 నాటి చమురు గనుల నిబంధనల స్థానంలో 2017లో కొత్తవి వచ్చాయి. నిబంధనలకు కొరత లేదు. చిక్కంతా అద్దెలో ఉన్నది. రిగ్గు కాంట్రాక్టరుకు రోజు అద్దె లభిస్తుంది. పని జరిగితే పూర్తి రేటు, కంపెనీ కారణంగా ఆగితే కొంత తక్కువ రేటు. రిగ్గు మరమ్మతుకు నెలకు ఇన్ని గంటలని అనుమతి ఉంటుంది. అవి దాటితే అద్దె సున్నా. ఇప్పుడు ఉదయం తనిఖీలో బ్రేకు లోపం కనిపెట్టినవాడు తన యజమాని గంటలు తానే తిన్నట్టు అవుతుంది. గీత పెట్టి ముందుకు పోయినవాడు ఆ రోజుకు అద్దె మిగిల్చినట్టు కనిపిస్తాడు. ఇది ఏ ఒక్క కంపెనీ దోషమో కాదు. లోపం కనిపెట్టడానికి పట్టిన కాలాన్ని మరమ్మతు గంటల నుంచి మినహాయించనంతకాలం కాగితం మీద అన్నీ బాగానే ఉంటాయి.

మార్కెట్ పడిపోయి మళ్లీ లేచేటప్పుడు ఈ చిక్కు ముదురుతుంది. అమెరికాలో 2014 సెప్టెంబరులో 1,900కు పైగా ఉన్న రిగ్గులు 2016 మే చివరికి 404కు పడిపోయాయి. మూలపడిన రిగ్గుల నుంచి గొట్టాలు, వాల్వులు ఊడదీసి నడిచే రిగ్గులకు వాడుకుంటారు. పాతకాపులు వేరే పనులకు పోతారు. గిరాకీ తిరిగి రాగానే ఆ రిగ్గులే కొత్త మనుషులతో బయలుదేరుతాయి. ముగ్గురాయి ధర పుంజుకునేదీ, తనిఖీ అందరికంటె ఎక్కువ అవసరమయ్యేదీ ఆ నెలలలోనే.

నీళ్ల బోర్ల రిగ్గులకు ఈ అద్దె గొడవ లేదు, అక్కడ అడుగు రేటు. తిరుచెంగోడు లారీలైనా, మన జిల్లాలవైనా, ఆగిన ప్రతి నిమిషమూ యజమానిదే. అక్కడ చూడవలసినవీ తక్కువే. కంప్రెసరు గాలి గొట్టం చివరలకు గొలుసు ఉన్నదా, మాస్టు లేచేచోట పైన కరెంటు తీగలు ఉన్నవా అన్న రెండు విషయాలు ముఖ్యం. గొలుసు లేని గొట్టం ఊడిందంటే పాములా కొరడా ఝళిపిస్తుంది. గొట్టాలు అమ్మే దుకాణాలవారు గొలుసును విడిగా బిల్లు వేయక గొట్టంతోనే ఇచ్చివేయడం మేలు. విడిగా అడిగి కొనేవారు అరుదు.

చమురు రిగ్గులకు సరకు పంపేవారి ముందు ఇప్పుడు ఒక బేరం ఉన్నది. లారీ దిగుమతికి ముందే రిగ్గు దగ్గర మచ్చు తీసి సాంద్రత చూడాలని కొనుగోలుదారులు కోరితే, మిల్లు సర్టిఫికెట్టు ఉండగా మళ్లీ ఎందుకని అమ్మకందారులు అనడం సహజం. నిజానికి పేచీ మచ్చు గురించి కాదు, అంతసేపు నిలిచిన లారీ కిరాయి ఎవరు ఇవ్వాలన్నదాని గురించి. బస్తా మీద లాటు నంబరు వేసి, సరకు సరిపోతే కిరాయి కొన్నవారిది, తేలిపోతే అమ్మినవారిది అని ఆర్డరులోనే రాసుకుంటే ఈ పేచీ రిగ్గు గేటు దాకా రాదు. వానలు పట్టకముందే ఆ మాట రాయించుకోవాలి. లంక రోడ్ల మీద లారీలు దిగబడిన తరువాత, నిల్వ గడిలో అంకె తగ్గుతూ ఉండగా, నిలబడి మచ్చు చూసే తీరిక ఎవరికీ ఉండదు.