కిస్తీకే సెలవు... వడ్డీకి కాదు!

కౌన్సెలింగ్‌లో సీటొచ్చిందంటే ఇంటిల్లిపాదికీ సంబరమే. తెల్లారేసరికి బెంగ మొదలు... ఫీజెలా కట్టాలి? బ్యాంకుకెళ్తే పొలం కాగితాలు అడుగుతారేమోనని జంకే తండ్రులు చాలామందే. ఆ భయం అక్కర్లేదు. బ్యాంకుల సంఘం 2001లో రూపొందించిన నమూనా పథకం ప్రకారం 4 లక్షల రూపాయల దాకా తాకట్టు లేదు. 2015లో కేంద్రం గ్యారంటీ నిధి పెట్టాక ఆ వెసులుబాటు ఏడున్నర లక్షలకు పెరిగింది. అమ్మో నాన్నో పిల్లలతోపాటు సంతకం చేయాలంతే.

జాగ్రత్తపడాల్సింది మరోచోట. 'చదువైపోయాక ఏడాది దాకా ఏమీ కట్టక్కర్లేదు' అనగానే అందరికీ ప్రాణం లేచొస్తుంది. ఆ సెలవు కిస్తీలకే. బ్యాంకు కాలేజీకి డబ్బు పంపిన రోజు నుంచే వడ్డీ మీటరు తిరుగుతుంటుంది! ఏటా లక్ష చొప్పున నాలుగేళ్లు తీసుకున్నారు, వడ్డీ 10 శాతం అనుకోండి. మొదటి ఏడాది వడ్డీ 10 వేలు. ఆ తర్వాత వరసగా 20, 30, 40 వేలు. ఉద్యోగం వెతుక్కునే అయిదో ఏడు ఇంకో 40 వేలు. తీసుకున్నది 4 లక్షలు, తొలి కిస్తీ నాటికి బాకీ 5.40 లక్షలు.

వీలైతే ఆ వడ్డీని ఏ నెలకానెల కట్టేయడం మేలు. మొదటి ఏడాది అది నెలకు 850 రూపాయల లోపే. అలా కట్టేవారికి కొన్ని బ్యాంకులు వడ్డీలో కొంత తగ్గిస్తాయి కూడా. కుటుంబ ఆదాయం ఏటా నాలుగున్నర లక్షల లోపుంటే, గుర్తింపు ఉన్న కాలేజీల్లో సాంకేతిక, వృత్తి కోర్సులకు ఈ సెలవు కాలపు వడ్డీని కేంద్రమే భరించే పథకం ఉంది. అడగనిదే బ్యాంకులో ఎవరూ చెప్పకపోవచ్చు. దరఖాస్తు నాడే అడగాలి, తహసీల్దారు ఇచ్చిన ఆదాయ ధ్రువపత్రం చేతిలో పెట్టుకుని మరీ.