నిమ్మ పొట్లాలు, నిమ్మకాయ నీళ్లు

సోలాపూర్‌లో ఎండలు ముదిరాయి. మా వాడకట్టు కిరాణా దుకాణం నిండా నిమ్మ సరుకే. మూడు రకాలు తెచ్చి ఇంటిల్లిపాదీ రుచి చూశాం.

బిస్కెట్లు కమ్మటి వాసన, తీపే ఎక్కువ. చిప్స్‌ పిల్లలకు నచ్చినయి గానీ, ఉప్పుకు దాహం పెరిగింది. షర్బత్‌ పొడి పుల్లగా బాగుంది. పొట్లం మీద చదివితే చక్కెర, నిమ్మఉప్పు, ఎసెన్సు. పండు లేదు!

పోయిన వారం కార్ఖానాలో మగ్గాల వేడికి చెమటలు కారి మా ఆయన కళ్లు తిరిగి కూలబడ్డారు. అప్పటినుంచి లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో చిన్న చెంచాతో, కుప్ప లేకుండా, 6 చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి, నిమ్మకాయ పిండి సీసాలో పోసిస్తున్నా. షుగరున్నోళ్లు డాక్టర్ని అడిగి తాగాలె.

"పొట్లం కంటే ఇదే నయం" అన్నారాయన. సీసా ఖాళీగా ఇంటికొస్తోంది, నాకదే చాలు.