పలుగురాతిలో వెలుగు

అలిపిరి: పాదాల మండపం వద్ద మొక్కి మెట్లెక్కే యాత్రికుల మెడల్లో తులసి, రుద్రాక్ష మాలలతో పాటు స్ఫటిక మాలలూ కానవస్తాయి. నీటిబొట్టు గడ్డకట్టినట్లుండే ఆ పూస ఎక్కడో హిమాలయాల్లో దొరికే వింతరాయి అని పలువురి నమ్మకం. నిజానికి అది మన చేలలో మడకకు అడ్డం తగిలే పలుగురాయికి తోబుట్టువు.

భూమి లోపలి పగుళ్లలో వేడినీరు మోసుకొచ్చిన సిలికా నిదానంగా పేరుకుని, మలినం లేకుండా ఆరు ముఖాలతో పెరిగితే స్ఫటికమవుతుంది. చీకట్లో రెండు పలుగురాళ్లు రాపాడించి వెలుగు చూడడం పల్లె పిల్లలకు కొత్తకాదు. అలిపిరి నుంచి తలెత్తి చూస్తే కనిపించే కొండ చరియలు కూడా పలుగు రేణువులు కలిసి గట్టిపడినవే. తిరుమల ఘాట్‌రోడ్డులో అడుగు రాతికీ, పై రాతికీ మధ్య సుమారు 80 కోట్ల ఏళ్ల ఎడం ఉన్నదని భూగర్భ శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు.

ముడి ముడికీ ఓపిక

మాలకు 108 పూసలు, పైన ఒక మేరుపూస. రంధ్రం అంచు వాడిగా ఉంటే దారాన్ని కోసేస్తుంది. అందుచేత గట్టి దారం ఎంచుకుని, పూసకూ పూసకూ నడుమ ముడి వేస్తారు. అలా వేస్తే ఒకచోట తెగినా పూసలన్నీ నేలపాలు కావు. సమానమైన పూసలు ఏరడం, మధ్యమధ్య రుద్రాక్షో పగడమో చేర్చి పొందిక కుదర్చడం గుచ్చేవారి నేర్పు. లెక్క తప్పితే పని మళ్లీ మొదటికొస్తుంది కనుక ధ్యాస పక్కకు పోదు. జపం చేసేవారు పూస తిప్పుతూ పొందే కుదురు, గుచ్చేవారికి అంతకుముందే దక్కుతుంది. పెద్దలు వాడిన మాల తెగితే కొత్తది కొనక, ఆ పాత పూసలనే తిరిగి గుచ్చించుకునేవారూ ఉన్నారు. వారికి ఆ మాల వెల రాతిలో లేదు.

గాజుతో జాగ్రత్త

స్ఫటికం పేరిట గాజుపూసలు అంటగట్టే అవకాశం ఉంది. గాజులో గుండ్రటి గాలిబుడగలు కనిపించవచ్చు. స్ఫటికం గాజును గీస్తుంది, మామూలు గాజు స్ఫటికాన్ని గీయలేదు. చేతికి స్ఫటికం ఎక్కువ చల్లగా తగులుతుంది. లోపల సన్నటి పొరలు, మబ్బులాంటి మరకలు ఉండడం సహజమే. మచ్చలేని పెద్ద పూసల మాల మరీ చౌకగా ఇస్తామంటే అనుమానించాలి.

మెరుపు వెనుక దుమ్ము

పూసకు నునుపు ఊరికే రాదు. సానపట్టేటప్పుడు లేచే సన్నటి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వ్యాధి వస్తుంది. దానిని పూర్తిగా నయం చేసే మందు లేదు. రాతి పూసలకు పేరుపొందిన గుజరాత్‌లోని ఖంభాత్‌లో ఈ జబ్బు ఎన్నో కుటుంబాలను కుంగదీసింది. రాళ్లు పగులగొట్టే క్రషర్ల వద్ద కూలికి వెళ్లే మనవారికీ ఇదే ముప్పు. నీళ్లు చిలకరిస్తూ పనిచేయడం, దుమ్మును లాగే యంత్రాలు అమర్చడం, ముక్కుకు తగిన మాస్కు కట్టుకోవడం ఇందుకు నివారణలు. యజమానులు ఈ ఏర్పాట్లు చేయకుంటే పనివారు అడిగి చేయించుకోవాలి.

స్ఫటిక మాలను కళ్లకద్దుకునే భక్తులు, దానిని నునుపుచేసిన చేతులను కూడా ఒకసారి తలచుకోవడం న్యాయం.