ఆఫ్రికా కప్ ఆఫ్ నేషన్స్

ఆఫ్రికా కప్ ఆఫ్ నేషన్స్ అనునది ఆఫ్రికా ఖండంలోని దేశాల పురుషుల జాతీయ ఫుట్‌బాల్ జట్ల మధ్య జరిగే అంతర్జాతీయ పోటీ. దీనిని ఆఫ్రికా ఫుట్‌బాల్ సమాఖ్య నిర్వహిస్తుంది. మొదటి పోటీలు 1957 ఫిబ్రవరిలో సూడాన్ రాజధాని ఖార్టూమ్ నగరంలో జరిగినవి. అప్పటికి ఖండంలో అధిక భాగం ఇంకను ఐరోపా దేశాల పాలనలోనే ఉన్నది. ఘనాకు స్వాతంత్ర్యం లభించినది ఈ పోటీలు ముగిసిన తరువాతి నెలలో. అందుచేత ఈ కప్పు చరిత్రలో ఏ దేశం గెలిచినది అనే విషయం ఎంత ముఖ్యమో, ఏ దేశం ఆడలేదు, ఎందుకు ఆడలేదు అనే విషయమూ అంతే ముఖ్యం.

మొదటి పోటీ - దక్షిణాఫ్రికా సమస్య

సమాఖ్యను 1957లో ఖార్టూమ్‌లోనే నాలుగు దేశాలు కలిసి స్థాపించినవి. అవి ఈజిప్టు, సూడాన్, ఇథియోపియా, దక్షిణాఫ్రికా. ఈ నాలుగు దేశాలే మొదటి కప్పులో ఆడవలసి ఉన్నది. కాని దక్షిణాఫ్రికాలో 1948 నుండి వర్ణవివక్ష ప్రభుత్వ విధానంగా అమలులో ఉన్నది. తెల్లవారు, నల్లవారు ఒకే జట్టులో కలిసి ఆడుటకు అక్కడి అధికారులు అంగీకరించలేదు. పూర్తిగా తెల్లవారి జట్టునో, పూర్తిగా నల్లవారి జట్టునో పంపుతామన్నారు. మిగిలిన మూడు దేశాలు ఇందుకు సమ్మతించలేదు. ఫలితంగా దక్షిణాఫ్రికా పోటీలకు దూరమైనది.

ప్రత్యర్థి లేకపోవుటచే ఇథియోపియా ఒక్క ఆట కూడా ఆడకుండానే ఫైనల్ చేరినది. ఏకైక సెమీ ఫైనల్‌లో ఈజిప్టు 2-1 తేడాతో సూడాన్‌ను, ఫైనల్‌లో 4-0 తేడాతో ఇథియోపియాను ఓడించినది. ఫైనల్‌లోని నాలుగు గోల్సూ మొహమ్మద్ దియాబ్ అల్ అత్తార్ ఒక్కడే చేశాడు. రెండే ఆటలతో ముగిసిన చిన్న పోటీయే అయినా, అందులో తీసుకున్న నిర్ణయం మాత్రం చిన్నది కాదు. ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య (ఫిఫా) దక్షిణాఫ్రికాను మొదటిసారి సస్పెండ్ చేసినది 1961లో. 1963లో ఆ నిషేధాన్ని ఎత్తివేసి, 1964లో మరల విధించినది. పూర్తిగా బహిష్కరించినది 1976లో. అప్పుడే పుట్టిన ఒక సంస్థ, మూడే దేశాలతో, ఈ విషయంలో ఫిఫా కంటే ముందు నడిచినదన్నమాట.

విస్తరణ

కొత్తగా స్వాతంత్ర్యం పొందిన దేశాలు ఒక్కొక్కటే చేరుటతో పోటీ పెద్దదైనది. 1962లో ఇథియోపియా, 1963, 1965లలో ఘనా గెలిచినవి. 1968లో 8 జట్లు, 1992లో 12 జట్లు, 1998లో 16 జట్లు, 2019లో 24 జట్లు ఆడినవి. 1968 నుండి సరి సంవత్సరాలలో జరిగిన ఈ పోటీలను, ప్రపంచ కప్పు వచ్చే సంవత్సరాన్ని తప్పించుటకై 2013 నుండి బేసి సంవత్సరాలకు మార్చారు. ఒకే పోటీలో అత్యధిక గోల్స్ రికార్డు జైర్ ఆటగాడు ఎన్‌డాయే ములాంబాది (1974లో 9 గోల్స్).

1996 - దక్షిణాఫ్రికా పునరాగమనం

వర్ణవివక్ష విధానం సడలిన పిమ్మట 1992లో దక్షిణాఫ్రికా అంతర్జాతీయ ఫుట్‌బాల్‌కు తిరిగి వచ్చినది. 1996 పోటీలు కెన్యాలో జరగవలసి ఉండగా, ఆ అవకాశం దక్షిణాఫ్రికాకు దక్కినది. జొహానెస్‌బర్గ్‌లో 1996 ఫిబ్రవరి 3న జరిగిన ఫైనల్‌లో ఆతిథ్య జట్టు 2-0 తేడాతో ట్యునీషియాను ఓడించినది. ప్రత్యామ్నాయ ఆటగాడిగా దిగిన మార్క్ విలియమ్స్ కొద్ది నిమిషాల వ్యవధిలో రెండు గోల్స్ చేశాడు. తెల్లజాతి కెప్టెన్ నీల్ టోవే, నల్లజాతి అధ్యక్షుడు నెల్సన్ మండేలా చేతుల నుండి కప్పు అందుకొన్నాడు. 1957లో దక్షిణాఫ్రికా అధికారులు ఒప్పుకోనిది సరిగ్గా ఇటువంటి మిశ్రమ జట్టునే.

అయితే ఈ పోటీలోనూ ఒక స్థానం ఖాళీగానే మిగిలినది. 1995 నవంబరులో నైజీరియా సైనిక ప్రభుత్వం రచయిత కెన్ సారో-వివాను, మరి ఎనిమిది మందిని ఉరితీసినది. మండేలా దీనిని తీవ్రంగా ఖండించాడు. దానితో 1994 విజేత అయిన నైజీరియా పోటీల నుండి తప్పుకొన్నది. పదహారు జట్లకు బదులు పదిహేను జట్లే ఆడినవి. శిక్షగా నైజీరియాను 1998 పోటీల నుండి కూడా నిషేధించారు. పాలకుల పట్టుదలకు ఆటగాళ్ళు రెండు కప్పులు కోల్పోవుట న్యాయమా అన్నది వేరే చర్చ.

జాంబియా

1993 ఏప్రిల్‌లో ప్రపంచ కప్పు అర్హత పోటీ కొరకు సెనెగల్ వెళ్తున్న జాంబియా జట్టు విమానం గాబన్ రాజధాని లిబ్రవిల్ సమీపాన సముద్రంలో కూలి, 18 మంది ఆటగాళ్ళతో సహా 30 మంది మరణించారు. ఐరోపాలో ఆడుతున్నందున ఆ విమానం ఎక్కని కలుషా బ్వాల్యా ప్రముఖ ఆటగాడుగా కొత్త జట్టు ఏర్పడి, మరుసటి సంవత్సరమే ఫైనల్ చేరి నైజీరియా చేతిలో 2-1తో ఓడినది. 2012లో జాంబియా మరల ఫైనల్ చేరినది. ఆ ఆట జరిగినది అదే లిబ్రవిల్‌లో. గోల్స్ లేకుండా ముగిసిన ఆటలో ఐవరీ కోస్ట్‌ను పెనాల్టీలలో 8-7తో ఓడించి మొదటిసారి కప్పు గెలిచినది.

విజేతలు

ఈజిప్టు ఏడుసార్లు (1957, 1959, 1986, 1998, 2006, 2008, 2010) గెలిచినది. 2006 నుండి వరుసగా మూడుసార్లు గెలుచుట ఆ జట్టుకే సాధ్యమైనది. 2023 పోటీలు వర్షాకాలం కారణంగా 2024 జనవరి, ఫిబ్రవరి నెలలలో ఐవరీ కోస్ట్‌లో జరిగినవి. ఆతిథ్య జట్టు ఈక్వటోరియల్ గినియా చేతిలో 4-0తో ఓడిన పిమ్మట కోచ్ తప్పుకొనగా, సహాయకుడు ఎమెర్స్ ఫయే ఆ బాధ్యత స్వీకరించాడు. ఫైనల్‌లో ఆ జట్టు నైజీరియాను 2-1తో ఓడించి మూడవసారి విజేత అయినది.