రోదసికి వెళ్లిన మెంతులు, పెసలు

2025 జూన్ 25న, మన కాలమానం ప్రకారం మధ్యాహ్నం 12 గంటలు దాటగానే, అమెరికాలోని ఫ్లోరిడా నుంచి ఫాల్కన్-9 రాకెట్ పైకి లేచింది. అది మోసుకెళ్లిన డ్రాగన్ నౌకలో నలుగురు ఉన్నారు. వారిలో ఒకరు మన వాయుసేన గ్రూప్ కెప్టెన్ శుభాంశు శుక్లా. మరునాడు సాయంత్రం నౌక అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి చేరింది. 1984లో సోవియట్ల సల్యూట్-7 కేంద్రానికి వెళ్లినవారు హైదరాబాద్‌లో చదువుకున్న రాకేశ్ శర్మ. ఆయన తరువాత భూకక్ష్యలోకి వెళ్లిన భారత పౌరుడు శుక్లాయే.

ఈ వార్త మన పిల్లలందరూ విన్నారు. కానీ ఆ యాత్రలో వెళ్లిన సామగ్రి గురించి విన్నవారు తక్కువ. ఇస్రో ఈ యాత్రకు ఏడు ప్రయోగాలను ఎంపిక చేసింది. అందులో ఒకటి ధార్వాడ వ్యవసాయ విశ్వవిద్యాలయం, ధార్వాడ ఐఐటీ కలిసి తయారుచేసినది. దానికి కావలసిన గింజలు సౌకార్‌పేటలో ఏ పచారీ అంగట్లో అడిగినా ఇస్తారు: మెంతులు, పెసలు. మరో ప్రయోగం కోసం వరి, అలసంద, నువ్వు, వంగ, టమాటా విత్తనాలు కూడా వెళ్లాయి.

శుక్లా ఆ మెంతులను, పెసలను చిన్న పళ్లేల్లో మొలకెత్తించి, ఫొటోలు తీసి, ఫ్రీజర్‌లో భద్రపరిచారు. జూలై 15న ఆయన బృందం భూమికి తిరిగి వచ్చింది. మొలకల్లో పోషకాలు మారాయా, వాటిని అంటిపెట్టుకొని ఉండే సూక్ష్మజీవులు మారాయా అన్నది శాస్త్రవేత్తల ప్రశ్న. చంద్రుడిని, అంగారకుడిని దాటి వెళ్లాలనుకునేవారు నెలల తరబడి తిండిని మూటగట్టుకు వెళ్లలేరు. గుప్పెడు గింజలకు చోటు తక్కువ, మొలకలకు పొలం అక్కరలేదు.

తెలుగు మూలాలున్న రాజాచారి 2021 నవంబరులో క్రూ-3 యాత్రకు కమాండర్‌గా ఇదే కేంద్రానికి వెళ్లారు. ఆయన తండ్రి హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లి స్థిరపడ్డారు. రాజాచారి అక్కడున్న ఆ నెలలోనే కేంద్రంలో పెంచిన మిరప మొక్కల చివరి కోత జరిగింది.

ఇక్కడ ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. "అంతరిక్షంలో గురుత్వాకర్షణ ఉండదు, అందుకే తేలుతారు" అని పిల్లలు రాస్తుంటారు. అది సరికాదు. అంతరిక్ష కేంద్రం ఉన్న ఎత్తు సుమారు 400 కిలోమీటర్లు. సెంట్రల్ స్టేషన్ నుంచి బెజవాడకు ఉన్న దూరం కన్నా కాస్త తక్కువే! అక్కడ భూమి లాగే బలం నేల మీద ఉన్నదానిలో దాదాపు 90 శాతం ఉంటుంది. అయితే కేంద్రం గంటకు సుమారు 28,000 కిలోమీటర్ల వేగంతో భూమి చుట్టూ తిరుగుతూ, ఎప్పుడూ పడుతూనే ఉంటుంది. లోపలి మనుషులూ, గింజలూ దానితోపాటే పడుతుంటారు కాబట్టి బరువు తెలియదు.

బరువు తెలియకపోతే మొక్కకు ఏమవుతుంది? వేరు కొసలోని కణాల్లో సన్నని పిండి రేణువులు ఉంటాయి. అవి కిందికి దిగిన వైపును బట్టి వేరు తన దారి తెలుసుకుంటుంది. అంతరిక్ష కేంద్రంలో అవి కిందికి దిగవు.

దీన్ని ఇంట్లోనే చూడవచ్చు. రాత్రంతా నానిన మెంతులను తడి దూది మీద పరిచి, మూత ఉన్న పారదర్శకమైన పలుచని డబ్బాలో కదలకుండా అదిమి పెట్టండి. అలాంటివే రెండు డబ్బాలు సిద్ధం చేసి, చీకటి మూలలో నిలువుగా ఆనించండి. వేళ్లు కిందికి దిగాక ఒక డబ్బాను మాత్రం పక్కకు పావు చుట్టు తిప్పండి. మరునాడు దాని వేళ్లు వంగి మళ్లీ కిందికి తిరిగి ఉంటాయి. ఎందుకలా వంగాయో పిల్లవాడిచేత తన మాటల్లో చెప్పించండి.

సౌకార్‌పేట పిల్లలు ఇంట్లో మెంతులు అంటారు, వీధిలో వెందయం అని వింటారు, మార్వాడీ కొట్లో మేథీ అని అడుగుతారు. పత్రికల్లో వచ్చిన 'మేథీ' అమ్మ పోపుల డబ్బాలో ఉన్న గింజేనని తెలిస్తే రోదసి వాళ్లకు దూరంగా తోచదు. సైన్సును ఇంగ్లీషులో బట్టీ పడితే మార్కులు రావచ్చు. వేరు ఎందుకు వంగిందో తెలుగులో విడమరచి చెప్పగలిగిన బిడ్డ, రేపు దాన్ని ఏ భాషలో అడిగినా చెప్పగలదు.