కదలు ఇల్లు – కోనసీమ

ఇల్లనగా కదలనిదని సామాన్యుల తలంపు. కాని యాత్రకు పోవువారు ఇంటిని వెంటగొనిపోవుట మనకు క్రొత్త కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830వ సంవత్సరమున చెన్నపట్టణమునుండి కాశీకి బయలుదేరినపుడు పల్లకీలు, డేరాలు, పరివారము ఆయన వెంట సాగినవి. మజిలీ చేరినచోట డేరా లేచెడిది. ప్రయాణమునకు మరల మడతపడెడిది. ఆ డేరాకు నేటి రూపమే మోటారు ఇల్లు. సినిమావారి పుణ్యమా అని 'కారవాన్' అను పేరు తెలుగువారందరికిని పరిచితమైనది.

ఒక పెద్ద వ్యానులోనే పొయ్యి, నీటితొట్టి, స్నానపుగది అమర్చబడియుండును. పగటి ఆసనములే రాత్రి పడకలగును. దీపములకును పంకాలకును బ్యాటరీ కలదు. బండి నడచునపుడు ఇంజనువలనను, కొన్ని బండ్లలో పైకప్పుమీది సౌరఫలకములవలనను అది నిండుచుండును. వాడిన నీరు అడుగుననున్న వేరొక తొట్టిలో చేరును. ఈ రెండవ తొట్టిని జ్ఞాపకముంచుకొనవలెను. దానితో ముందు పనియున్నది.

సిద్దిపేట జిల్లాలోని నారాయణరావుపేట వంటి మెట్టయూరినుండి ఇట్టి బండిలో పోయి పచ్చని సముద్రతీరమును చూడగోరువారికి కోనసీమ తగినచోటు. సిద్దిపేట ప్రాంతమునకు గోదావరి రావలెనన్న యంత్రములతో ఎత్తవలెను. 2020లో రంగనాయకసాగరమునకు నీరు అట్లే చేరినది. కోనసీమలోనో, అదే గోదావరి పల్లమునకు తానై పారును. ధవళేశ్వరము దిగువ నది గౌతమి, వసిష్ఠ అను పాయలుగా చీలును. వసిష్ఠనుండి వైనతేయ విడివడును. ఈ పాయలకును బంగాళాఖాతమునకును నడుమ ఒండ్రుమట్టితో ఏర్పడిన నేలయే కోనసీమ. దీనికి ముఖ్యపట్టణము అమలాపురము.

ఈ పచ్చదనమంతయు ప్రకృతి యిచ్చినదే యనుకొనరాదు. ఆర్థర్ కాటన్ దొర 1847లో ఆరంభించిన ఆనకట్ట 1852లో పూర్తియైనది. దానినుండి తీసిన కాలువలు సేద్యమునకే గాక ప్రయాణమునకును ఉపయోగపడినవి. రోడ్లు చాలని దినములలో ధాన్యమును, కొబ్బరియు, పెండ్లివారును పడవలమీదనే పోయిరి. గూటిపడవలో వండుకొని తిని, అందే నిదురించి ప్రయాణించినవారెందరో! కోనసీమకు అసలైన కదలు ఇల్లు అదియే. నేటి మోటారు ఇల్లు ఆ కాలువల గట్లమీద నడువవలసియున్నది.

ఆ గట్టే చిక్కు. బాట సన్నము, ఒకవైపు కాలువ, ఒకవైపు వరిచేను. ఎదురుగా కొబ్బరికాయల లారీ వచ్చినచో ఎవరో యొకరు వెనుకకు నడపక తప్పదు. కావున రావులపాలెమునుండి అమలాపురమునకు పోవు పెద్దబాటమీదనే బండిని నడిపి, లోపలి గ్రామములకు ఆటోలో పోవుట మేలు. వానకు నానిన ఒండ్రులో చక్రము దిగినచో ట్రాక్టరు వచ్చువరకు అక్కడే కాపురము! కొబ్బరినీడ చల్లనిదే, కాని రాలు మట్టలును కాయలును క్రింద నున్నదేమని చూడవు.

రాత్రి విడిది విషయమున మరింత జాగరూకత వలయును. నదీగర్భములోని లంకలు కంటికింపైనవి. 1986 ఆగష్టు వరదలో ధవళేశ్వరమువద్ద సుమారు 35 లక్షల క్యూసెక్కుల నీరు ప్రవహించినది. 1996 నవంబరు 6వ తేదీని వచ్చిన తుపాను కొబ్బరితోటలను నేలగూల్చినది. వరదలును తుపానులును గడచిన సంక్రాంతి దినములే ఈ యాత్రకు అనువైనవి. కనుమనాడు జగ్గన్నతోటలో ప్రభలతీర్థము కూడ చూడవచ్చును.

ఇక రెండవ తొట్టి. వేసవిలో మరమ్మతులకై కాలువలను కట్టివేయుదురు. అంతకుముందే గ్రామస్థులు మంచినీటి చెరువులను కాలువనీటితో నింపుకొందురు. సముద్రము చేరువగుటచే పలుచోట్ల నూతినీరు ఉప్పన. అట్టి కాలువలో స్నానపుగది మురుగును వదలుట ఊరివారి త్రాగునీటి బిందెలో కాళ్లు కడుగుటయే. అనుమతిగొని, ఏదైన వసతిగృహపు మరుగుదొడ్డి గుంటలో ఆ తొట్టిని ఖాళీచేయవలెను. ఇది కొంత శ్రమయే. కాని గూటిపడవవాని దినములలో సబ్బునురుగును ఇంత లేదు, తొట్టెడు మురుగును లేదు.

వసిష్ఠ సముద్రమున కలియు అంతర్వేదిని చూడక ఎవరును మరలరు. నరసాపురమునకును సఖినేటిపల్లికిని నడుమ నదిని దాటుటకు పంటు వాడుక. పంటుమీద మనుష్యులును, చిన్నబండ్లును దాటవచ్చును గాని, ఇంటి బరువును మోయు బండికి అది చాలదు. అట్టివారు నరసాపురమునుండి పాలకొల్లుమీదుగా చించినాడ వంతెన దాటి, దిండి, రాజోలు తగిలి, చుట్టుదారిని అంతర్వేది చేరవలెను.